మడతలో పోయిన పేర్లు

"అమ్మా, ఈ ఆరు పేర్లూ తప్పు పడ్డాయి."

పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈ వారంలో ఇది నాలుగోసారి.

లైబ్రేరియన్ తలెత్తలేదు. పాత పత్రికలన్నీ స్కాన్ చేయించి, మిషన్ చదివిన అక్షరాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆమెది. నెలాఖరుకి గడువు. తలమీద అంత పనుంటే ఈయనొకడు, చెవిలో జోరీగ!

ఆయన గొడవంతా నలభై ఏళ్ల నాటి ఒక వార్త గురించి. నది దాటుతుంటే పడవ మునిగింది. ముప్పై ఒక్కరు పోయారు. వాళ్ల జాబితాలో కాగితం మడత పడ్డచోట ఆరు పేర్లు మిషన్‌కి అందలేదు. చుక్కలూ గీతలూ వచ్చాయి. ఫొటోలోనూ అక్కడ మసకే. అసలు పత్రికలేమో స్కాన్ కాగానే తుక్కుకి వెళ్లిపోయాయి.

"నేను చెబుతాను, రాసుకోండమ్మా."

"నోటిమాట చెల్లదు పెద్దాయనా. ఆధారం ఉందా?"

"నాకు కంఠతా వచ్చు."

పక్క సీటులో గుమాస్తా కిసుక్కున నవ్వాడు. లైబ్రేరియన్ కూడా నవ్వేసి, ఒక ఫారం ముందుకు తోసింది.

ఆయన ఆరు పేర్లూ రాశాడు. 'మృతులతో సంబంధం' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఇందులో మీవాళ్లెవరు?"

"ఎవరూ లేరమ్మా."

"మరి మీకెందుకండీ ఈ తాపత్రయం? ఎవరైనా పిలిచి సన్మానం చేస్తారనా?"

ఆయన తల దించుకున్నాడు. మెట్లు దిగిపోయాడు.

ఫారం చెత్తబుట్టలో పడింది.

మూడు వారాల తర్వాత ఒక ముసలామె వచ్చింది.

"మా తమ్ముడి పేరు చూసిపెట్టు తల్లీ. నలభై ఏళ్ల కిందట నదిలో మునిగిన ఆ పడవలోనే పోయాడు. శవం కూడా దొరకలేదు."

లైబ్రేరియన్ పేరు కొట్టింది. 'లేదు' అంది కంప్యూటర్.

ముసలామె మొహం పాలిపోయింది. "వాడసలు పడవెక్కనేలేదు, పెళ్లాం పిల్లల్ని వదిలేసి ఎటో పారిపోయాడన్నారు అప్పట్లో. నేను నమ్మలేదు. అయితే నిజమేనా అమ్మా?"

లైబ్రేరియన్‌కి తల కొట్టేసినట్టయింది. బుట్టలో పడేసేముందు ఆ ఆరు పేర్లూ ఒక్కసారి చదివినా బాగుండేది!

"రేపు రండమ్మా, చెబుతాను" అంది, ఆమె కళ్లలోకి చూడలేక.

వాచ్‌మన్‌ని అడిగి, ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఆ పెద్దాయన ఇల్లు పట్టుకుంది. కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి పది రోజులైందండీ."

లైబ్రేరియన్ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేసింది. తను నవ్విన సంగతి కూడా దాచలేదు.

"ఆ పేర్లు ఎక్కడైనా రాసి పెట్టారా?" అని అడిగింది, సిగ్గుతో చచ్చిపోతూ.

"లేదమ్మా. రోజూ పొద్దున్నే లేచి ముప్పై ఒక్క పేర్లూ వరసగా అనుకునేవాడు. మళ్లీ మొదలెట్టావా అని మేం కసురుకునేవాళ్లం. ఒక్క పేరూ మేం గుర్తుపెట్టుకోలేదు."

"వాళ్లు ఆయనకి ఏమవుతారు?"

"ఏమీ కారు" అంది కూతురు, తల వంచుకుని. "ఆ రోజు పడవ నడిపింది మా నాన్నే."