పేర్లు కుట్టిన సంచి

“తెలుగమ్మాయివేనా తల్లీ?”

వెనక నుంచి ఆ మాట వినపడగానే ధాత్రి ప్రాణం ఉసూరుమంది.

కెనడాలోని సస్కటూన్‌లో సౌండ్ రికార్డింగ్ సామాన్లు అమ్మే చిన్న షాపు అది. బయట మైనస్ ఇరవై రెండు. లోపల స్టూలు మీద మాసిన జాకెట్‌లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

పోయిన వారం ఇండియన్ స్టోర్‌లో ఇలాగే ఒక అంకుల్ పలకరించాడు. ఏ కాలేజీ, ఏ వీసా, రెంట్ ఎంత అని ఆరా తీసి, చివరికి “మీరంతా ఎగబడి వచ్చాక మా పిల్లలకి పార్ట్‌టైమ్ జాబులు కూడా దొరకట్లేదమ్మా” అన్నాడు.

కందిపప్పు ప్యాకెట్టు అక్కడే వదిలేసి వచ్చేసింది. ఇక ఏ అంకుల్‌తోనూ తెలుగు మాట్లాడనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

“సారీ, నాకు తెలుగు రాదు,” అంది ఇంగ్లీషులో.

పెద్దాయన ఆమె పెదాల వంకే చూశాడు. ఒక్క క్షణం ఆగి, తనూ ఇంగ్లీషులోకి మారిపోయాడు.

“సంచి కోసం వచ్చావా?”

ఆ చూపేమిటో, ఆ ఆరాలేమిటో! ధాత్రి తలూపి అటు తిరిగింది.

ఆమెకు అసలే టైం లేదు. రేపు ఊరి బయట పొలాల్లో డాక్యుమెంటరీ షూటింగ్. సౌండ్ రికార్డిస్టుగా ఒక్కరోజు ట్రయల్. నచ్చితే పర్మనెంట్. నచ్చకపోతే మళ్లీ కాఫీ షాపు కౌంటరే, ఆ జాబ్‌తో ఇక్కడే ఉండిపోవడానికి కావలసిన పీఆర్ కదలదు. వర్క్ పర్మిట్‌కి మిగిలింది నాలుగు నెలలు. నలుగురు పడుకునే బేస్‌మెంట్ గదిలో, సగం మంచులో కూరుకుపోయిన కిటికీ కింద, రోజూ ఆ నెలలే లెక్కపెట్టుకుంటోంది. వెనక్కి వెళ్లే దారి లేదు. ఇక్కడ ఉండే వీలూ లేదు.

రికార్డర్, మైకులు కంపెనీ ఇస్తుందట. సంచి మాత్రం తనే తెచ్చుకోవాలని, ఈ షాపులో చూసుకోమని మెయిల్ పెట్టారు.

నిగనిగలాడే నల్ల బ్యాక్‌ప్యాక్ తీసింది.

“అది వద్దు,” అన్నాడు పెద్దాయన.

“ఎందుకు?” అంది ఆయన వైపు తిరిగి.

“వీపున తగిలించుకుంటే లోపలి రికార్డర్ మీటలు ఎవరు తిప్పుతారు? సంచి పొట్ట మీద ఉండాలి. గ్లవ్స్ తియ్యకుండా చెయ్యి దూరాలి.”

ఆయన వెల్క్రో మూత మీద వేలు ఆనించి లాగాడు. చర్రుమంది.

“ఎవరో ఏడుస్తూ మాట్లాడుతుంటారు. అప్పుడే నువ్వు బ్యాటరీ మార్చాలి. ఇది ఇలా మోగితే?”

ధాత్రి బ్యాక్‌ప్యాక్ కింద పెట్టేసింది.

ఆయన కౌంటర్ కింద నుంచి ఒక పాత సంచి తీశాడు. రంగు వెలిసింది. భుజాలకు వెడల్పాటి పట్టీలు ఉన్నాయి.

“లోపల బరువు పెట్టాను. వేసుకుని పది నిమిషాలు నడువు.”

షాపంతా తిరిగింది. భుజాలు లాగలేదు, నడుము పట్టెయ్యలేదు. అప్పుడు సంచి లోపలికి చూసింది.

ప్రతి అరలోనూ తెల్లటి గుడ్డముక్క కుట్టి ఉంది. వాటి మీద గుండ్రటి తెలుగు అక్షరాలు.



“ఇక్కడ బ్యాటరీలు అని రాసుంది,” ఓపిగ్గా ఇంగ్లీషులో చెప్పాడాయన. “ఇక్కడ గాలి టోపీ. గాలి చప్పుడు పడకుండా మైకుకు తొడుగుతాం.”

“ఓహో,” అంది, ఇప్పుడే తెలిసినట్టు.

ఆయన వేలు చివరి అర దగ్గరకు వచ్చింది. ‘డైరెక్టరు తిండి పెట్టకపోతే’ అని ఉంది. లోపల వేరుశెనగల పొట్లం.

ఆయన చెప్పకముందే ధాత్రికి నవ్వు తన్నుకొచ్చింది. గబుక్కున దగ్గింది.

“ఇది స్నాక్స్‌కి,” అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు.

తర్వాత జేబులోంచి చిన్న కత్తెర తీశాడు.

“నీకు చదవడం రాదుగా. ఇవి కత్తిరించేస్తాను. ఇంగ్లీషులో రాసుకో.”

“వద్దంకుల్!”

తెలుగులోనే నోరు జారింది. కానీ ఆయన తల వంచుకుని గుడ్డముక్క చూస్తున్నాడు. వినపడినట్టు లేదు. ధాత్రి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇప్పుడైనా చెప్పెయ్యాలి. ‘మాది ఖమ్మం’ అంటే చాలు. కానీ ఇంతసేపూ ఒక్కో ముక్కకూ ఇంగ్లీషు చెప్పించుకుని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన అబద్ధంలో తనే ఇరుక్కుపోయింది.

“ఉండనివ్వండి. చూడ్డానికి బాగున్నాయి,” అంది ఇంగ్లీషులోనే.

ఆయన కత్తెర జేబులో వేసుకున్నాడు.

“తీసుకెళ్లు. నాకిక దీంతో పని లేదు.”

మర్నాడు పొలంలో గాలి కోసేస్తోంది. చనిపోయిన భర్త గురించి చెబుతూ ఒక ముసలావిడ ఏడ్చింది. సరిగ్గా అప్పుడే రికార్డర్‌లోని రెండు బ్యాటరీల్లో ఒకటి అయిపోవచ్చింది. ధాత్రి గ్లవ్స్ చెయ్యి ‘బ్యాటరీలు’ అరలోకి వెళ్లింది. చప్పుడు లేదు. ఒక్క మాట పోలేదు.

సాయంత్రం డైరెక్టర్ హెలెన్ దగ్గరకు వచ్చింది.

“జాబ్ నీదే.”

ధాత్రి కళ్లు తుడుచుకుంది. హెలెన్ సంచి మీద చెయ్యి వేసింది.

“అమరేశ్వరరావు సంచి ఇచ్చేశాడన్నమాట.”

“ఆయన మీకు తెలుసా?”

“ఇరవై ఆరేళ్లు మా సౌండ్ చూసింది ఆయనేగా. చెవులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు.”

నిన్న తన నోట వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట ఆయనకు అందనే లేదు.

“ఆయన నంబర్ ఇవ్వండి. ఒక్కసారి మాట్లాడాలి.”

“ఫోన్‌లో ఏం వినపడుతుంది? పొద్దున్నే మాంట్రియల్ ఫ్లైట్ ఎక్కాడు. ఇక కూతురి దగ్గరే ఉంటాడు.”

హెలెన్ సంచిలోని గుడ్డముక్కను సవరించింది.

“అప్లికేషన్‌తో ఖమ్మం మిర్చి యార్డు చప్పుళ్లు పంపావు కదా. ఆయన అవి వినలేడు, నువ్వు వాటి గురించి రాసింది చదివాడు. నలభై అప్లికేషన్లలో నీదే ఏరి నా చేతిలో పెట్టాడు. సంచిలో ఆ తెలుగు పేర్లు తీసేసి ఇవ్వమంటే, ‘ఎందుకు, నా సంచి చదవగలిగే పిల్లే వస్తోంది’ అన్నాడు.”