చిరగని పొర

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లోని పలుచని పొర ఆరువందల గంటలకు చిరుగుతుందని ఒక శాస్త్రవేత్త కంప్యూటర్‌లో వేసిన లెక్క చెప్పింది. ఆమె పదేళ్ల పరిశోధనంతా ఆ అంకె మీదే నిలబడింది.

ఏడువందల గంటలైనా సెల్ నిక్షేపంగా నడుస్తోంది. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

"దిగులెందుకమ్మా, బాగానే నడుస్తోందిగా?" అన్నాడు సెల్‌ను కనిపెట్టుకుని ఉండే ముసలి మెకానిక్.

"అదే నా దిగులు బాబాయ్! పొర చిరిగితేనే నా లెక్క నిజమైనట్టు."

ఆయన నాలుక కరుచుకున్నాడు. "నాలుగు రోజుల కిందటే చిరిగిందమ్మా. నువ్వు బాధపడతావని గుట్టుచప్పుడు కాకుండా కొత్తది వేసేశా."

"ఎన్ని గంటలకి?"

"ఆరొందల మూడుకి. పాతది సొరుగులో దాచా."

ఆమె పరుగున వెళ్లి సొరుగు లాగింది. ఆ పొరను వెలుతురుకి ఎత్తి పట్టుకుని పకపకా నవ్వింది.

"ఎంత బాగా చిరిగిందో చూడు బాబాయ్!"