చెవులపెట్టె

సైరన్ మోగగానే గని ముందున్న యంత్రాలన్నీ ఆగిపోయాయి. మట్టి తోడేవాళ్లు పారలు నేలకు ఆనించకుండా చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు. ఒకడికి దగ్గు వస్తే నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఇంత నిశ్శబ్దం ఒక పెట్టె కోసం.

ఆ పెట్టె నుంచి బయల్దేరిన తీగలు కొండలో దిగేసిన ఇనుప మేకుల దాకా పోయాయి. లోపల ఎవరైనా బండ మీద కొడితే ఆ చప్పుడు రాతిలోంచి పాకి పెట్టెకు చేరుతుంది. పనివాళ్లు దానికి చెవులపెట్టె అని, దాన్ని తయారుచేసిన ఇంజనీరుకు చెవులాయన అని పేరు పెట్టారు. గనుల్లో మనుషుల ప్రాణాలు నిలిపే పరిశోధనకు ప్రభుత్వం సాయమిస్తానంటే ఆయన మొదలుపెట్టాడు. పని సగంలో ఉండగా సాయం ఆగిపోయింది. అందుకే పెట్టెకు చప్పుడు వినపడుతుంది గానీ, అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలియదు.

చెవులాయన ఇయర్‌ఫోన్లు తీసి తల అడ్డంగా ఊపాడు.

"ఏమీ లేదా సార్?" అంది కోడలు. పైకప్పు కూలి లోపల చిక్కుకుపోయిన ముగ్గురిలో ఆమె భర్త ఒకడు. అత్తతో కలిసి వచ్చింది.

"లేదమ్మా."

"ఇంకొక్కసారి వినండి. మీ కాళ్లు పట్టుకుంటా."

తవ్వకం చూస్తున్న పెద్దాఫీసరు దగ్గరికి వచ్చాడు. "చూడమ్మా, తవ్వేకొద్దీ పైనుంచి మట్టి జారుతోంది. ఈ తవ్వేవాళ్లకు మాత్రం పెళ్లాం బిడ్డలు లేరా? మధ్యాహ్నం సైరన్‌కి కూడా ఏమీ వినపడకపోతే ఆపించేస్తాను."

"ఒక్క దెబ్బ వినపడినా చాలా సార్?" అన్నాడు చెవులాయన.

"బతికున్నారని తెలిశాక వదిలేసి పోవడానికి నేనేమన్నా రాక్షసుణ్ణా? కానీ నీ పెట్టెకి అసలు చెవులున్నాయా అని నా అనుమానం. దీనికి సాయం దండగని అప్పుడే రాశాను."

తాడు కట్టిన హద్దు అవతల నిలబడి అత్త ఈ మాటలన్నీ విన్నది. కాసేపటికి కోడల్ని పిలిచింది.

"అమ్మాయ్, నేను కొండ వెనక్కి పోతున్నా."

"ఇప్పుడా? ఎందుకత్తయ్యా?"

"మళ్లీ ఆ కూత కూస్తుంది, మళ్లీ అందరూ బొమ్మల్లా నిలబడతారు. నా వల్ల కాదు. నువ్వు విను."

కోడలికి ఒళ్లు మండిపోయింది. "కాపురానికి వచ్చిన రోజు నన్ను గుమ్మంలో పొద్దుగూకేదాకా నిలబెట్టారే! కన్నకొడుకు కోసం కాసేపు నిలబడలేరా?"

"నీ నోటికి మూత లేదే తల్లీ" అంటూ అత్త వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మధ్యాహ్నం సైరన్ మోగింది. చెవులాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. కోడలు ఆయన మొహాన్నే చూస్తోంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు. ఆపేయమని చెప్పడానికి చెయ్యి ఎత్తబోయాడు.

చెవులాయన కళ్లు తెరిచాడు. ఇయర్‌ఫోన్లు తీసి కోడలి చెవులకు పెట్టాడు.

టక్. కాస్త ఆగి, టక్ టక్.

"ఆయనే!" ఆమె కేక కొండకు తగిలి తిరిగొచ్చింది. "ఇంటికొచ్చినా తలుపు ఇలాగే కొడతాడు! తిన్నగా తలుపు కొట్టడం కూడా రాదా అని తిట్టేదాన్ని సార్!"

ఆఫీసరు ఇయర్‌ఫోన్లు లాక్కుని తానూ విన్నాడు. ఆయన మొహంలో రంగు మారింది. "ఏం చూస్తున్నారు? తవ్వండి!"

ఆ తర్వాత సైరన్ మోగినప్పుడల్లా చప్పుడు వినపడింది. అత్త మాత్రం ఒక్కసారీ అక్కడ లేదు. సాయంత్రం నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు కోడలు నిలదీసింది.

"మీ అబ్బాయి బతికున్నాడు. కొడుతున్నాడు. ఒక్కసారి వచ్చి వినకూడదా?"

"నువ్వు వింటున్నావుగా."

"మీది గుండెనా, రాయా?"

అత్త నీళ్లు తాగి మళ్లీ కొండ వెనక్కి పోయింది. అడుగులు తడబడుతున్నాయి.

మర్నాడు పొద్దున మట్టి జారి తవ్వేవాళ్లలో ఒకడి కాలు విరిగింది. పనివాళ్లు పారలు కింద పడేశారు. ఆఫీసరు చెమట తుడుచుకుని సైరన్ వేయమన్నాడు. నిశ్శబ్దం. ఎంతకీ ఏమీ లేదు. అప్పుడు, ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు, ఒక్క దెబ్బ. చాలాసేపటికి ఇంకో రెండు.

"బలం తగ్గిపోతోంది సార్" అన్నాడు చెవులాయన. "ఆలస్యమైతే దక్కరు."

ఆఫీసరు చొక్కా విప్పి తానే పార అందుకున్నాడు. అది చూసి పనివాళ్లంతా కదిలారు.

ఎండ తిరిగేసరికి బండల మధ్య సందు తెరుచుకుంది. ముగ్గురినీ బయటికి తీశారు. ముగ్గురికీ ప్రాణముంది. జనం అరుపుల్లో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఆఫీసరు ఒక చెవి మూసుకుని ఫోన్‌లో అరుస్తున్నాడు: "అవునండీ, ఆ పెట్టే కాపాడింది! పరిశోధనకి సాయం వెంటనే మళ్లీ ఇవ్వాలి. నేనే రాసిస్తాను, ప్రతి గనికీ ఒకటి ఉండాలి!" చెవులాయన మట్టిలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

కోడలు స్ట్రెచర్ పక్కనే పరుగెత్తింది. భర్త కళ్లు తెరిచాడు.

"నువ్వు కొట్టిన ప్రతి దెబ్బా విన్నాను" అంది. "నిన్ను బతికించింది ఆ దెబ్బలే."

"ఏ దెబ్బలు?"

"బండ మీద కొట్టావుగా, మన తలుపు కొట్టినట్టు!"

"చేతులు రెండూ మట్టిలో కూరుకుపోయాయే. వేలు కూడా కదల్లేదు. వాళ్లిద్దరికీ స్పృహే లేదు. ఎవరు కొట్టారు?"

ఆమె మెల్లగా తల తిప్పింది. కొండ వెనక నుంచి పరుగెత్తి వచ్చిన అత్త, రొప్పుతూ కొడుకునే చూస్తోంది.

కోడలి చూపు తన మీద పడగానే, పొక్కులు చిట్లిన అరచేతుల్ని అత్త వెనక్కి దాచుకుంది.