కప్పు కింద పంది

ముత్తక్క జావ పోయడానికి చెయ్యి చాచినప్పుడు మోచేతి కింద పచ్చబొట్టు కనిపించింది. అది చైనా అక్షరం. వైరాలో మా ఇంటి గోడ మీద అన్నయ్య బొగ్గుతో రాసిన అక్షరమే.

ఆ అన్నయ్య కోసమే ఏడాదిగా ఈ అడవి ఊళ్లన్నీ తిరుగుతున్నాను.

"అదేంటో తెలుసా, ముత్తక్కా? పైన కప్పు, కింద పంది. చైనావాళ్లు 'జ్యా' అంటారు, జపానువాళ్లు 'ఇయె' అంటారు. ఇల్లని అర్థం."

"అవ్, రాసిచ్చిన సారు గట్లనే చెప్పిండు. పంది లేకుంటే అదేం ఇల్లని నేను నవ్విన."

"ఆయన మా అన్నయ్య. ఎక్కడున్నాడు?"

ముత్తక్క గిన్నె కింద పెట్టింది.

"నిన్నట్నుంచి ఈ పచ్చబొట్టు సలుపుతాంది. ఎవరో వస్తరనుకున్న. జరం తగ్గలే, బిడ్డా. ఆ లోకంల నాకెవరున్నరు ముత్తక్కా అని ఒకటే ఏడిసిండు. సచ్చినంక కడియాలు ఈడనే ఉంటయి, పచ్చబొట్టొక్కటే మనెంట వస్తది. దాన్ని చూసే మనోళ్లు మనల్ని గుర్తుపడతరు. అందుకే ఆయనకు పొడిసి, నేను గూడ పొడుసుకున్న. ఆడ ఒక్కడే ఉన్నడు గద, నా కోసం చూస్తుంటడు."

జాకెట్టు చెయ్యి పైకి మడిచి ఆమె ముందు చాచాను.

"సూదులున్నాయా?" అన్నాను.