తగిలించే ముక్క

"ప్లగ్గులు పెట్టేవానికి నా కూతుర్ని ఇయ్యాల్నా?" అన్నాడు నారాయణ, చెనిక్కాయల గంపను వసారాలో ధబ్బున దించుతూ.

"ప్లగ్గులు కాదు నాయనా, ప్లగ్-ఇన్‌లు. కంప్యూటర్లో ఉంటాయి," అంది రేఖ.

"ఏవైతేనేం? మన బోరుకాడ ప్లగ్గు పెట్టేకి కుళ్ళాయప్ప ఉండాడు. ఇంజినీరింగు సదివి ఈయప్ప చేసేదీ అదేనా?"

బెంగుళూరు నుంచి గుమ్మఘట్ట దాకా బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలన్నీ రాఘవేంద్రకు ఒక్కసారిగా గాలికి పోయాయి. రేఖ అతనితో కాలేజీలో కలిసి చదువుకున్న పిల్ల. ఊళ్ళో బడిపంతులమ్మ. నారాయణకు ఒక్కగానొక్క కూతురు. జీతమెంతని కూడా ఆయన అడగలేదు. పని అర్థమైతేనే పిల్లనిస్తానన్నాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. రేఖ రెండు రోజులు చెప్పి చూసి చేతులెత్తేసింది.

రాఘవేంద్ర కళ్ళు వాకిట్లోని ట్రాక్టరు మీద పడ్డాయి.

"మామా, ఆ ట్రాక్టరుకు ఇత్తనం ఏసేది తెలుసునా?"

"దానికేం తెలుసప్పా? యనకాల గొర్రు తగిలిస్తే ఏస్తాది."

"ప్లగ్-ఇన్ కూడా ఆ గొర్రు మాదిరిదే. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరొకటి ఉండాది. పాత ఫొటోల మీద మరకలు తీసేది దానికి రాదు. మేం రాసిన ముక్క తగిలిస్తే తీసేస్తాది. సాఫ్ట్‌వేరు పాతదే, విద్య మాత్రం కొత్తది."

నారాయణ బెంచీ మీద కూలబడ్డాడు. గెడ్డం గోక్కున్నాడు.

"ఆ ముక్క ఒక్కటే పనిచేస్తాదా?"

"చెయ్యదు మామా. పెద్ద సాఫ్ట్‌వేరులో ఉంటేనే దానికి పని."

"లోపలికొచ్చినాక పెత్తనం నాదే అంటాదా?"

"అనదు. పెద్దదాని పద్ధతిలోనే నడుచుకోవల్ల. లేకుంటే అది చేర్చుకోదు."

"మరి పెద్దదాన్ని చేసినోళ్ళే దీన్నీ చెయ్యాల్నా?"

"అక్కర్లేదు. బయటోళ్ళు చేసిందైనా ఇమిడిపోతాది. తగులుకునే చోటు వాళ్ళే ముందుగా పెట్టింటారు."

నారాయణ మొహం విప్పారింది. రాఘవేంద్రకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. మూడేళ్ళ ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా అడిగినవాడు మరొకడు లేడు. ఈయనకున్న తెలివిలో పావు వంతు తన మేనేజరుకు ఉన్నా బాగుండేదనిపించింది.

"కడాకు ఒక మాట. దీన్ని బెంగుళూర్లోనే కూచోని రాయాల్నా?"

"యాడ కూచోనైనా రాయొచ్చు మామా! కంప్యూటరు, కరెంటు ఉంటే చాలు. రాయదుర్గం పోయి నెట్‌లో పంపిస్తే అయిపాయ," అన్నాడు రాఘవేంద్ర హుషారుగా.

రేఖ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఎందుకు నవ్వుతోందో అతనికి అంతుపట్టలేదు.

"అర్థమైనాదా మామా?"

"బాగా అర్థమైనాదప్పా. ఇది మా తాతల కాలం నుంచీ ఉండేదే," అని నారాయణ లేచి వంటింటి వైపు కేకేశాడు.

"ఏమే సుబ్బలక్ష్మీ, పాయసం పెట్టు! పిల్లోడు తన నోటితోనే ఇల్లటం అల్లుడిగా వచ్చి మనింట్లోనే ఉంటానన్నాడు!"