మూడో చెట్టు

మామిడితోటలో మోగుతున్న ట్రాన్సిస్టర్‌ని కాయలేరే కూలీ నాగేంద్రమ్మ చటుక్కున ఆపేసింది.

“మీ హాయి కోసం రేడియో తెస్తే ఆపుతావేం?” షావుకారు పాండురంగం అనుమానంగా చూశాడు. “మళ్లీ ఆ ఏడుపు పాటలేనా? అవి నా మీద కట్టినవే కదూ?”

“మీ మీద కాదండీ. కాయ కోసేటప్పుడు ఆకుల్లో మనిషి కనపడడు. పాట వినపడితే క్షేమంగా ఉన్నాడని లెక్క. ఈ రేడియో మోజులో మేమూ మర్చిపోయాం.”

ఆమె పాట ఎత్తుకుంది. మొదటి చెట్టులోంచి వీరాస్వామి అందుకున్నాడు. రెండో చెట్టులోంచి గంగరాజు.

మూడో చెట్టు పలకలేదు.

“అక్కడెవరు?” షావుకారు గొంతు తగ్గింది.

“మా ఆయనండీ,” అంటూనే ఆమె పరుగెత్తింది.

ఇన్నేళ్లూ తిట్లనుకున్న ఆ పాటనే గొంతెత్తి పాడుతూ, షావుకారు కూడా వెనకే పరుగెత్తాడు.