పావురాలు కూడా పోయాయి

"పావురాలు కూడా పోయాయి అయ్యగారూ! వెళ్ళి వెళ్ళి దాని చూరు మీదే వాలాయి!"

పాటల పెద్దమ్మ గోల చర్చి గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. పాస్టరుగారు చెవుల్లో దూదితో తలూపారు. ఆయనకు చలిగాలి పడదట.

'అది' అంటే ఎదురింటి దర్జీ వదిన. ఆదివారం వస్తే చాలు, చర్చికి రావాల్సిన జనం ఆమె కుట్టుమిషన్ల మధ్య కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు.

"ఏముందండీ దాని దగ్గర? మైకుందా, కీబోర్డుందా? నేను గొంతెత్తితే ఊరి చివర పాలబండి ఆగిపోతుంది. అది నోరు విప్పితే చేతిలో సూదికైనా వినపడదు!"

"అడిగి చూశానమ్మా. బల్లలు గట్టిగా ఉన్నాయని కొందరు, నా ప్రసంగం పొడుగని కొందరు..."

బల్లల మీద దిళ్ళు వేయించారు. ప్రసంగాన్ని సగానికి కోశారు. మిగిలిన సగం పెద్దమ్మ పాటలతో నింపింది.

పై వారానికి దిళ్ళే మిగిలాయి.

కడుపుమంట ఆపుకోలేక పెద్దమ్మ దర్జీ వదిన కిటికీలోంచి తొంగి చూసింది. గుడ్డ పేలికల మధ్య ఎవరో తన బాధ చెప్పుకుంటున్నారు. మిగతావాళ్ళు వింటున్నారు. గోడకానుకుని ఒక తాత గుర్రు పెడుతున్నాడు.

"చూశారా! మన చర్చిలో ఆ తాత ఏనాడైనా కునుకు తీశాడా?" అంటూ తిరిగొచ్చింది. "ఇక లాభం లేదు అయ్యగారూ. నేనే పోయి ఆ గుంపులో చేరతా. దాని ఇంట్లోనే దాని కొమ్ములు వంచుతా. మన జనాన్ని మనకి తెచ్చిపెట్టకపోతే నా పేరు మార్చి పిలవండి!"

పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి.

"మైకు కూడా పట్టుకెళ్ళు తల్లీ."

"ఎంత పెద్ద మనసండీ మీది!" అని పెద్దమ్మ కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం దర్జీ వదిన గుమ్మంలోకి ఎదురొచ్చింది. "రా పెద్దమ్మా, ఇలా మా పక్కన కూర్చో."

"కూర్చుని పాడితే గొంతు లేవదమ్మాయ్!"

మైకు తగిలించింది. గొంతు సవరించుకుంది. దర్జీ వదిన వైపు ఓరగా ఒక చూపు విసిరి, కళ్ళు మూసుకుని పల్లవి అందుకుంది.

మొదటి చరణం ముగిసేసరికి చర్చిలో నిలబడ్డానికి చోటు లేదు.